మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫోటోలకి అప్పు చేయొచ్చా?

గుంటూరు దగ్గర ఒక ఊరి నుంచి ఒకావిడ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. చేత్తో రాసి, ఆ పేజీలని ఫోన్లో ఫోటోలు తీసి పంపారు. రెండో పేజీ కొంచెం మసగ్గా పడింది గానీ విషయం అర్థమైంది. పేరూ ఊరూ వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. సంగతి ఇదీ.

ఆవిడకి 37 ఏళ్ళు. భర్త మిర్చి యార్డులో గుమస్తా, నెలకి 18 వేలు, సీజన్లో ఇంకాస్త. ఆవిడ ఇంట్లో మిషన్ కుడతారు, జాకెట్లూ చీరలకి ఫాల్సూ, ఆరేడు వేలు వస్తాయి. పాపది తొమ్మిదో తరగతి పూర్తవుతోంది, బాబు ఆరు. పాప పదో తరగతిలోకి వెళితే ఇక కుదరదని మే నెలలో ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. భోజనాలకీ షామియానాకీ ఆయన చీటీ పాడి డబ్బు సర్దారు. మేనమామ పట్టు ఓణీ తెస్తానన్నాడు. అంతా బాగానే ఉంది, తగువంతా ఫోటోల దగ్గరే వచ్చింది.

నిరుడు పెద్ద తోడికోడలు తన కూతురికి ఇదే ఫంక్షన్ చేసింది. డ్రోన్ ఎగిరింది, స్టేజీ పక్కన ఎల్ఈడీ తెర పెట్టారు, ముందురోజు పిల్లని సూర్యలంక బీచికి తీసుకెళ్ళి షూట్ చేశారు. ఆ ఆల్బమ్ ఒళ్ళో పెట్టుకుంటే కాళ్ళు తిమ్మిరెక్కేంత బరువుందట. అదే స్టూడియోవాళ్ళు ఈవిడకి చెప్పిన రేటు 1,35,000. ఆయనేమో "ఇంట్లో మూడు ఫోన్లున్నాయి, మా అక్క కొడుకు బాగా తీస్తాడు, ఫోటోలకి లక్షేంటి" అంటున్నారు. అత్తగారు "చదివింపులు వస్తాయిగా, అందులోంచి కట్టేయొచ్చు" అంటున్నారు. ఈవిడ దగ్గర కుట్టు డబ్బుల్లోంచి దాచుకున్నవి 46 వేలున్నాయి, ఆయనకి తెలియదు. మిగతా 90 వేలకి డ్వాక్రా గ్రూపులో అప్పు అడిగితే నెలకి మూడు వేల చొప్పున మూడేళ్ళు కట్టాలన్నారు. అది కాకపోతే వీధి చివర రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాళ్ళున్నారు.

ఇంతవరకూ చాలా ఇళ్ళలో ఉన్న కథే. మూడో పేజీలో ఆవిడ రాసింది మాత్రం ఆవిడ మాటల్లోనే ఇస్తాను.

"నేను పెద్దమనిషినైంది 2001 వేసవిలో. మా అమ్మమ్మ పొద్దున్నే కూర్చుని సూదీ దారంతో నా జడ మీద మల్లెమొగ్గలు కుట్టింది. మొగ్గలు మా పెరట్లోవే, పైసా ఖర్చు లేదు. టౌన్లో స్టూడియోకి వెళ్ళి అద్దం ముందు నిలబడి ఫోటో దిగాలని నాకు ఆశ, మా క్లాసులో ఇద్దరు దిగారు. బస్సు చార్జీలు, ఫోటోలు అన్నీ కలిపి మూడు నాలుగు వందలు అవుతుందంటే మా నాన్న ఏమీ అనకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఆయనకి అది వారం కూలి. సాయంత్రానికి మొగ్గలు విచ్చుకున్నాయి, తెల్లారి తీసి పారేశాం. నా చిన్నప్పటి ఫోటో ఒక్కటీ లేదండీ. మా అమ్మ పోయినప్పుడు కూడా రేషన్ కార్డు మీది ఫోటోనే పెద్దది చేయించి దండ వేశాం. నా కూతురికి అలా ఉండకూడదు. ఇది తప్పా?"

అప్పు చేయొచ్చా, చేస్తే ఎక్కడ చేయాలి, ఆయనకి చెప్పాలా వద్దా? ఇవీ ప్రశ్నలు.

చెల్లెమ్మా,

"ఫోటోలకి అంత డబ్బా" అని తీసి పారేసే మనిషిని కాదు నేను. మా ఇంట్లో దండ వేసి ఉన్న తాతయ్య ఫోటోలో ఆయన కుడి భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంటుంది, మణికట్టు దాకా. ఏదో పెళ్ళిలో దిగిన గుంపు ఫోటోలోంచి ఆయన ఒక్కణ్ణీ కత్తిరించి పెద్దది చేయించారు, చెయ్యి మాత్రం వదల్లేదు. అది ఎవరి చెయ్యో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. కాబట్టి రేషన్ కార్డు ఫోటో అని మీరు రాసినప్పుడు నాకు వివరంగా చెప్పక్కర్లేకపోయింది.

ఫోటో అనేది మొదటినుంచీ డబ్బు సంగతే. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ అనే ఫోటోగ్రాఫర్ 1892లో ఆడవాళ్ళ కోసమే విడిగా ఒక జెనానా స్టూడియో తెరిచాడు, అక్కడికి వెళ్ళింది ఘోషా పాటించే పెద్దిళ్ళ ఆడవాళ్ళు. పల్లెలో వాళ్ళ దాకా అది రావడానికి ఇంకో డెబ్బై ఎనభై ఏళ్ళు పట్టింది. మన చిన్నప్పుడు ఊరంతటికీ ఒకరిద్దరి ఇళ్ళలో హాట్‌షాట్ కెమెరా ఉండేది, వాళ్ళ పిల్లలకే పుట్టినరోజు ఫోటోలు ఉండేవి. రీలుకి 36, అదృష్టం బాగుంటే 37వది కూడా పడేది. అందుకే తీసేవాడు ఊరికే నొక్కేవాడు కాదు, "కదలొద్దు, రీలు అయిపోతుంది" అని కసిరేవాడు. తర్వాత కడిగించాలి, ప్రింట్లు వేయించాలి, ప్రతిదానికీ డబ్బే. మీ నాన్న ఏమీ అనకుండా బయటికి వెళ్ళిపోవడం పిసినారితనం వల్ల కాదని మీకూ తెలుసు, అందుకే ఆ ముక్క అంత జాగ్రత్తగా రాశారు.

అయితే మీ ఉత్తరంలో రెండు ఫోటోలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఒకటి 2001లో పడని పూలజడ ఫోటో. రెండోది నిరుడు తోడికోడలింట్లో మీ ఒళ్ళో పెట్టిన ఆల్బమ్. మీకు బాధ మొదటిదాని గురించి, రేటు అడిగింది రెండోదానికి. మొదటిది ఇవాళ మీ చేతికి అందేంత చవక అయిపోయింది, మీరు గమనించలేదు. రెండోదానికి మాత్రం ఇంత అని ఒక ధర ఉండదు. నిరుడు డ్రోన్, ఈ ఏడు ఇంకోటి, మీరు 1,35,000 పెట్టాక వచ్చే ఏడు ఆడపడుచు కూతురి ఫంక్షన్లో మీ ఆల్బమ్‌ని మించింది వస్తుంది. అక్కడ మీరెంత పెట్టినా చాలదు.

ఇక ఆ ప్యాకేజీ కాగితం. మీరు ఫోటో తీసి పంపారు కాబట్టి చూశాను. ఇద్దరు ఫోటోగ్రాఫర్లు, ఇద్దరు వీడియోవాళ్ళు, డ్రోన్, ఎల్ఈడీ తెర, ముందురోజు ఔట్‌డోర్, టీజర్, 40 షీట్ల ఆల్బమ్. అన్నీ కలిపి ఒకే అంకె. మీరు జాకెట్టు కుట్టేటప్పుడు కుట్టు ఇంత, లైనింగ్ ఇంత, లేసు ఇంత అని విడివిడిగా చెప్తారు కదా, వాళ్ళనీ అలాగే చెప్పమనండి. ఇందులో మొహమాటం ఏమీ లేదు, అడిగితే ఏ స్టూడియో అయినా చెప్తుంది. అప్పుడు తెలుస్తుంది ఎక్కడ డబ్బు పోతోందో. ఎల్ఈడీ తెర ఫోటోలకి సంబంధించింది కాదు, అది ఆ నాలుగు గంటలు వెనక కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ కోసం అద్దెకి తెచ్చేది, మర్నాటికి మీకు దానివల్ల మిగిలేది సున్నా. డ్రోన్ సంగతి ఇంకా విచిత్రం. మీది ఇంటి ముందు షామియానా కింద జరిగే ఫంక్షన్. పైకెగిరి అది తీసేది షామియానా పైగుడ్డని. (నేనొక పెళ్ళి వీడియోలో రెండు నిమిషాల పాటు ఎర్రా తెలుపూ చారల గుడ్డని, పక్కన వంటవాళ్ళ పొగని చూశాను, నిజంగా.) ఔట్‌డోర్ షూట్ అంటే బండి, ఇంకో జత బట్టలు, మేకప్, ఒక పూటంతా ఇద్దరు మనుషులు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది తీసే మనిషీ, ఆల్బమూ. మీకు కావలసింది ఆ రెండే అనుకుంటున్నాను, కాకపోతే నన్ను సరిదిద్దండి.

అలాగని ఫోటోగ్రాఫర్ దోచుకుంటున్నాడనీ అనుకోకండి. అతని కెమెరా, లెన్సులు లక్షల్లో ఉంటాయి, వాటికి కంతులు ఉంటాయి, ముహూర్తాలున్న రోజుల్లోనే అతనికి పని, మూఢం వస్తే మీ యార్డుకి సెలవిచ్చినట్టే. మే నెలలో మంచి ముహూర్తం, అందులోనూ ఆదివారం అయితే రేటు తగ్గించమంటే తగ్గించడు, తగ్గించలేడు కూడా. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు అప్పు. గ్రూపులో అయితే నెలకి మూడు వేలు, 36 నెలలు, మొత్తం 1,08,000. మీరు లైనింగ్ జాకెట్టుకి 300 తీసుకుంటానని రాశారు. అంటే నెలకి పది జాకెట్లు ఫోటోలకే. మూడేళ్ళలో 360 జాకెట్లు. నేను భయపెట్టడానికి చెప్పడం లేదు, ఎందుకంటే మీకు ఒక జాకెట్టు అంటే ఎంత మెడనొప్పో నాకన్నా బాగా తెలుసు, రూపాయల్లో కాకుండా జాకెట్లలో లెక్కేస్తే నిర్ణయం మీకు తేలికవుతుందని. ఇంకోటి, గ్రూపు అప్పు మీ ఒక్కరిదీ కాదు. మీరు రెండు నెలలు ఆలస్యం చేస్తే మిగతా వాళ్ళందరికీ బ్యాంకులో మాట పోతుంది, తర్వాతి అప్పు పుట్టదు. ఆ మూడేళ్ళలో పాప ఇంటర్‌లో చేరుతుంది, ఫీజుకి మళ్ళీ గ్రూపు దగ్గరికే వెళ్ళాలి, అప్పటికి పాతది తీరి ఉండదు. రెండు రూపాయల వడ్డీ అయితే అసలు వద్దు. 90 వేలకి నెలకి 1,800, ఏడాదికి 21,600. అది వడ్డీ మాత్రమే, అసలు అంగుళం కదలదు. ఒక్క విషయంలో మాత్రం ఆజ్ఞ వేసినట్టు చెప్తున్నాను, ఆ వీధి చివరికి వెళ్ళకండి.

అత్తగారి మాట కూడా చూద్దాం, పెద్దావిడ కాబట్టి కొట్టిపారేయలేం. చదివింపులు వస్తాయి, నిజమే. కానీ పక్కన ఒక మనిషి కూర్చుని నోటుబుక్కులో పేర్లూ అంకెలూ ఎందుకు రాస్తాడు? 516 చదివించినవాళ్ళింట్లో ఫంక్షన్ అయితే మీరు 516 ఇచ్చి రాగలరా, పైన ఇంకాస్త వేయాలి. అది కూడా అప్పే, వడ్డీ పేరు వేరు. పైగా నిరుటి ఫంక్షన్ తర్వాత మీ తోడికోడలికి భోజనాల ఖర్చులో సగం కూడా చదివింపుల్లో రాలేదని మీరే రెండో పేజీ చివర రాశారు (మసగ్గా ఉన్నా చదివాను). రాబోయే చదివింపులని చూసుకుని ముందే అప్పు చేయడం అంటే వానని చూసి కుండలో నీళ్ళు ఒలకబోసుకున్నట్టే.

మీ ఆయన మాటకి వద్దాం. "ఫోన్లున్నాయిగా" అనే మాటలో సగం నిజం ఉంది. ఈ రోజు పదిహేను వేల ఫోను పగటి వెలుతురులో తీసే ఫోటో మన చిన్ననాటి స్టూడియో ఫోటో కన్నా స్పష్టంగా ఉంటుంది. అయితే బాబు మొదటి రెండు పుట్టినరోజుల ఫోటోలూ ఫోన్ బకెట్లో పడ్డప్పుడు పోయాయని కూడా మీరు రాశారు, ఒక్క వాక్యంలో, దాటేసుకుంటూ. అదీ మిగతా సగం. ఫోటో తీయడం ఉచితం అయింది గానీ దాచడం ఉచితం కాలేదు. గూగుల్ ఫోటోస్‌లో కూడా 2021 జూన్ నుంచి 15 జీబీ దాటితే డబ్బు కట్టాలి, ఆ 15లోనే మెయిలూ అన్నీ. మేనల్లుడి ఫోన్లో తీసినవి వాట్సాప్‌లో పంపితే సైజు తగ్గిపోయి వస్తాయి, ఫోన్లో బాగానే ఉంటాయి, పెద్ద ప్రింటు వేస్తే మొహాలు అలికినట్టు వస్తాయి. పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపమనాలి, లేదా కేబులు పెట్టి ఎక్కించుకోవాలి. ఇంకో చిక్కు, ఆ అబ్బాయికి మీరు డబ్బివ్వరు కాబట్టి గట్టిగా అడగలేరు. హారతి సమయానికి వాడు స్నేహితులతో బయట ఉంటే ఏమనగలరు, రేపు ఆడపడుచు మొహం చూడాలిగా.

మరి ఏం చేయొచ్చు? నాకు తోచినవి చెప్తాను, మీ ఇల్లు మీకు తెలుసు.

మొత్తం ప్యాకేజీయే కావాలని మనసు గట్టిగా అంటే, ఆయనకి చెప్పి, ఇద్దరూ కూర్చుని ఆ 360 జాకెట్ల లెక్క వేసుకుని, గ్రూపులో తీసుకుని చేయండి. మూడేళ్ళు బిగుతుగా ఉంటుంది, పండగలకి బట్టలు తగ్గుతాయి, అయినా ఆ ఆల్బమ్ తెరిచినప్పుడల్లా మీకు సంతోషమే కలిగితే నేను తప్పు పట్టను. మనుషులు ఇంతకన్నా పనికిమాలిన వాటికి అప్పులు చేశారు. నా భయం ఒకటే. రహస్యంగా చేసిన అప్పుతో వచ్చిన ఆల్బమ్‌ని మీరు ఆయన ముందు తెరవలేరు.

రెండో దారి, మీ 46 వేలని గోడ అనుకుని దాని లోపలే చేయడం. ఒక్క ఫోటోగ్రాఫర్, పొద్దున్నించి భోజనాల దాకా, వీడియో వద్దు, లేదా ఒక్క మనిషి వీడియో. ఆల్బమ్ 40 షీట్లు కాదు, 15 చాలు. నిజం చెప్పండి, తోడికోడలి ఆల్బమ్‌లో నలభై షీట్లూ చూశారా, నేనైతే పదో షీటు దగ్గర కాఫీ వస్తే బాగుండు అనుకుంటాను. ఈ లెక్కన మీ ఊళ్ళో ఎంతవుతుందో ఆ స్టూడియోని ఒక్కటే కాకుండా ఇంకో ఇద్దర్ని అడగండి, ఈ మధ్యనే సొంతంగా మొదలుపెట్టిన కుర్రాళ్ళు ఉంటారు, వాళ్ళు తీసిన ఒక ఫంక్షన్ మొత్తం ఫోటోలు చూపించమనండి, ఏరి పెట్టిన ఇరవై కాదు. అడ్వాన్సు ఇచ్చే ముందు కాగితం మీద రాయించుకోండి: ఎన్ని గంటలు, ఎన్ని షీట్లు, షీటు పెరిగితే ఎంత, ఎప్పటికిస్తారు, తీసిన ఫోటోలన్నీ ఒరిజినల్ సైజులో ఇస్తారా లేదా. చివరిది మర్చిపోవద్దు. చాలామంది స్టూడియోవాళ్ళు కొన్నాళ్ళయ్యాక ఫైళ్ళు తీసేస్తారు, ఆల్బమ్ తడిస్తే ఇక మీ దగ్గర ఏమీ ఉండదు. ఈ దారిలో నష్టం ఏంటంటే, ఫంక్షన్ రోజు ఎవరో ఒకరు "డ్రోన్ పెట్టలేదా" అంటారు. అంటారు, ఖాయంగా. ఆ ఒక్క పూట ఆ మాట పడాలి. దాచుకున్నవన్నీ ఖాళీ అవుతాయన్నది రెండో నష్టం, అందుకే గోడని 46 దగ్గర కాకుండా ముప్పై దగ్గర కట్టుకోగలరేమో చూడండి.

మూడోది, ఫంక్షన్‌నీ ఫోటోనీ విడదీయడం. నాకు ఇదే నచ్చింది, నచ్చిందని దాచను. ఫంక్షన్ రోజు మేనల్లుడు ఫోన్లో తీస్తాడు, వచ్చినవాళ్ళూ తీస్తారు, వాటిలోంచి ఓ అరవై ఏరి మామూలు సైజు ప్రింట్లు వేయించి పాతకాలం జేబుల ఆల్బమ్‌లో పెడితే వెయ్యీ రెండు వేల రూపాయల్లో తేలిపోతుంది. మేనల్లుడికి ఊరికే వద్దు, ఒక మంచి చొక్కా గుడ్డ పెట్టండి, అప్పుడు అడిగే హక్కు వస్తుంది. అసలు ఫోటో మాత్రం ఆషాఢంలో తీయించండి. పెళ్ళిళ్ళుండవు, స్టూడియోవాళ్ళు ఖాళీగా ఉంటారు, మేలో మీ మొహం చూడనివాళ్ళు అప్పుడు కుర్చీ వేసి మాట్లాడతారు. పాప అదే ఓణీ కట్టుకుంటుంది, మీరు నలుగురూ వెళ్తారు, ఒక గంట. హడావుడి ఉండదు, చెమటకి కాటుక కారదు. పెద్ద సైజు ఫ్రేములు రెండు కట్టించుకోండి. నష్టం? అప్పటికి మల్లెలు అయిపోతాయి. ఆ సంగతి చివర్లో చెప్తాను.

ఇక్కడ ఒక్క నిమిషం. నాలుగు పేజీల ఉత్తరంలో పాప మాట ఒకే ఒక్కచోట ఉంది. "అది మాత్రం ఏదో ఒకటి చేయండమ్మా, ఫ్లెక్సీ మాత్రం వేయించొద్దు, స్టేటస్‌లు పెట్టొద్దు అంటోంది" అని రాసి, వెంటనే మళ్ళీ రేట్లలోకి వెళ్ళిపోయారు. పద్నాలుగేళ్ళ పిల్ల. ఊరి సెంటర్లో తన మొహంతో ఫ్లెక్సీ పెడితే అది దేనికి పెట్టారో రేపు బడిలో ప్రతి మగపిల్లాడికీ తెలుస్తుంది. ఎల్ఈడీ తెర మీద అంత పెద్దగా కనపడటం తనకి ఇష్టమో కాదో అడిగారా? మీ ఆశ ఫోటో లేకపోవడం వల్ల వచ్చింది. తను పుట్టినప్పటినుంచీ ఫోన్ల ముందే పెరిగింది, తనకి కొరత ఫోటోలది కాకపోవచ్చు, తనని ఎవరు చూడాలో చెప్పే అవకాశానిది కావచ్చు. ఒకరోజు మిషన్ ఆపి, పక్కన కూర్చోబెట్టుకుని, మీ పూలజడ సంగతి చెప్పండి. చెప్పారా ఎప్పుడైనా? చెప్పి ఉండరని నా అనుమానం. "అప్పుడు నాకు పడలేదు, నీకు పడాలని ఉంది, నీకెలా కావాలి?" అని అడగండి. ఏమంటుందో నాకు తెలియదు. బీచి షూటే కావాలంటుందేమో, పిల్లలు కదా, అంటే అప్పుడు అందరూ కలిసి లెక్క చూడొచ్చు.

ఆయనకి 46 వేల గురించి చెప్పాలా అన్నారు. ఆడవాళ్ళు నాలుగు రూపాయలు విడిగా పెట్టుకోవడం నా దృష్టిలో తప్పు కాదు, చాలా ఇళ్ళలో ఆసుపత్రి బిల్లు ఆ డబ్బుతోనే కట్టారు. మొత్తం చెప్పాలని నేననను. కానీ ఫోటోలకి ఎంత పెడుతున్నారో అంత చెప్పండి. "నా కుట్టు డబ్బులు ముప్పై వేలున్నాయి, ఇది నా ముచ్చట, ఇంట్లో డబ్బు ముట్టుకోను" అంటే ఆయన కాసేపు ముభావంగా ఉంటారు, అంతే. ఎక్కడివని అడిగితే మిషన్ వైపు చూపించండి. అప్పు చేసి చెప్పకపోవడం మాత్రం వేరే సంగతి. నెలనెలా మూడు వేలు ఎక్కడికి పోతున్నాయో మూడేళ్ళు దాచలేరు, గ్రూపు మీటింగు మీ వీధిలోనే జరుగుతుంది. ఇంకోటి కూడా, మీ నాన్న సంగతి ఆయనకి తెలుసా? తెలిస్తే "ఫోటోలకి లక్షేంటి" అనే మాట ఆయన అదే గొంతుతో అంటారని నేననుకోను.

చివరికి మల్లెలు. మీరు ఏ దారి పట్టినా, ఈ ఒక్క ఫోటో మాత్రం ఫంక్షన్‌కి ముందురోజే ఇంట్లోనే తీసేయొచ్చు, దీనికి ఎవరి ప్యాకేజీ అక్కర్లేదు. మే నెల కాబట్టి మొగ్గలు దొరుకుతాయి, జడ కుట్టేవాళ్ళు దొరక్కపోతే సూదీ దారం మీ చేతిలోనే ఉంది. మొగ్గలు సాయంత్రానికి విచ్చుకుంటాయి, కాబట్టి మూడు నాలుగింటికల్లా అయిపోవాలి. అద్దం ముందు ఫోటో అంటే మేనల్లుడికి తెలియకపోవచ్చు, చెప్పండి. పాప అద్దానికి వీపు పెట్టి నిలబడాలి, మొహం మనకి, జడ అద్దంలో. పాత స్టూడియోల్లో నిలువుటద్దం ఉండేది, మీ బీరువా అద్దం చాలు. ఫ్లాష్ వేయొద్దు, అద్దంలో తెల్ల మచ్చ పడుతుంది, కిటికీ పక్కగా ఉంటే ఆ వెలుతురే చాలు. తీసేవాడు సూటిగా ఎదురుగా నిలబడితే వాడూ అద్దంలో పడతాడు, అందుకని బీరువా తలుపు కొంచెం తెరిచి మెల్లగా తిప్పుతూ ఉండండి. ఒకచోట జడంతా కనిపించి ఫోన్ కనిపించకుండా పోతుంది. అక్కడ ఆపి, తలుపు కదలకుండా కింద ఒక మడిచిన అట్టముక్క పెట్టండి.

పాపది అయ్యాక ఆ అట్టముక్క వెంటనే తీసేయకండి. మీరూ నిలబడండి.